శోకదినాలలో పిల్లల దుస్తులు

హిజ్రీ 1445వ సంవత్సరపు ముహర్రం మాసం మన దేశంలో 2023 జూలై 20న ప్రారంభమైంది. దానికి ఒక్కరోజు ముందు, జూలై 19న, యూదుల పంచాంగంలో ‘ఆవ్’ అనే మాసం మొదలైంది. రెండూ ఒకే అమావాస్య వెనుక పుట్టిన మాసాలే. ఆ నెల 27న యూదులు తమ పవిత్రాలయ విధ్వంసాన్ని తలచుకుని ఉపవాసమున్నారు. 29న మన ఆషూరా దినం వచ్చింది. అంతకు ముందు 2022లో కూడా ఈ రెండు దినాలు ఇంచుమించు కలిసే వచ్చాయి. ఆగస్టు 7న వారి ఉపవాసం, 9న ఆషూరా. హైదరాబాదు పాతబస్తీలో దబీర్‌పురా బీబీకా అలావా పరిసరాలు నల్లబట్టలతో నిండిన రోజుల్లోనే, న్యూయార్క్‌లోనూ జెరూసలేంలోనూ ధర్మనిష్ఠ గల యూదుల ఇళ్ళలో బట్టలు ఉతకడం ఆగిపోయింది.

ఇదే జూలై మాసంలో శంషాబాద్ విమానాశ్రయం అమెరికా నుండి సెలవులకు వచ్చే పిల్లలతో కిటకిటలాడుతుంది. అక్కడి బడులకు అప్పుడే వేసవి సెలవులు. ఇక్కడి పిల్లలు మాత్రం జూన్‌లోనే బడికి చేరి ఉంటారు. వచ్చే కుటుంబాలలో తెలుగు ముస్లిముల కుటుంబాలు కూడా తక్కువేమీ కావు. న్యూజెర్సీ వంటి చోట్ల ఈ పిల్లలకు యూదుల పిల్లలు సహపాఠులు. ‘మా స్నేహితుడు క్యాంపులో తొమ్మిది రోజులు ఉతికిన బట్ట కట్టుకోలేదు, ఎందుకని?’ అని ఒక పిల్లవాడు అడిగితే నానమ్మ దగ్గర జవాబు ఉండదు. ప్రశ్న పరాయి మతానిదే అయినా, దాని వెనుకనే మన ఇంటి ప్రశ్న ఒకటి వస్తుంది. దుఃఖ దినాలలో పెద్దలు పాటించే నియమాలు పిల్లల బట్టల వరకు రావాలా, వస్తే ఎంతవరకు?

ముందు యూదుల సంగతి. వారి పంచాంగంలో తమ్మూజ్ మాసం 17 నుండి ఆవ్ మాసం 9 వరకు గల మూడు వారాలు శోకకాలం. అందులో చివరి తొమ్మిది రోజులు మరింత కఠినం. హజ్రత్ సులైమాన్ (అ) కట్టించిన ఆలయాన్ని బాబిలోన్ రాజు బుఖ్త్ నస్సర్ సైన్యం క్రీ.పూ. 586 ప్రాంతంలో ధ్వంసం చేసింది. తరువాత కట్టిన రెండవ ఆలయాన్ని రోమనులు క్రీ.శ. 70లో తగులబెట్టారు. ఈ రెండు ఘటనలనూ వారు ఆవ్ మాసం 9వ తేదీకే చెప్పుకుంటారు. ఈ ఉపవాసాన్నీ ఆషూరా ఉపవాసాన్నీ కలగాపులగం చేయరాదు. దైవప్రవక్త (సల్లల్లాహు అలైహి వసల్లం) మదీనా చేరినప్పుడు యూదులు పాటిస్తూ కనిపించిన ఆషూరా ఉపవాసం హజ్రత్ మూసా (అ)కు ఫిరౌన్ బారి నుండి కలిగిన విముక్తికి కృతజ్ఞత. అది శోకం కాదు. ఆవ్ మాసపు ఉపవాసం వేరు, అది కేవలం శోకం.

క్రీ.శ. 200 ప్రాంతంలో క్రోడీకరింపబడిన ‘మిష్నా’ అనే వారి ధర్మసంహితలోనే, ఆవ్ నెల ప్రవేశించగానే సంతోషాన్ని తగ్గించుకోవాలనీ, ఉపవాసం పడిన వారంలో క్షౌరమూ బట్టలు ఉతకడమూ కూడదనీ ఉన్నది. 1565లో వెనిస్‌లో అచ్చయిన యోసెఫ్ కారో ధర్మగ్రంథం ‘షుల్హాన్ అరూఖ్’ ఈ నియమాన్ని విపులీకరించింది. దానికి పోలెండులోని క్రాకోవ్ పండితుడు మోషే ఇస్సర్లెస్ చేర్చిన వివరణల ప్రకారం, ఐరోపా యూదులు ఆ ఒక్క వారం కాక నెల మొదటి తేదీ నుండే ఉతకడం మానుతారు. తూర్పు దేశాల యూదులలో చాలామంది ఆ వారానికే పరిమితమవుతారు. నిషేధం ఉతకడంతో ఆగదు. ముందే ఉతికి మడిచి పెట్టుకున్న బట్టను ఆ రోజుల్లో తొడగడం కూడా కూడదు. కొత్తబట్టలు కొనడం, కుట్టించడం అసలే లేదు. శనివారపు సబ్బాతుకు మాత్రం శుభ్రమైన బట్టలు కట్టుకుంటారు. ఆ దినపు గౌరవం శోకం కంటే పైదని వారి భావన.

ఈ ఆచారం ఇంట్లో ఉన్నవారికి అంత కష్టం కాదు. చిక్కంతా పిల్లల శిబిరాలలో వస్తుంది. అమెరికాలో జూలై, ఆగస్టు నెలల్లో పిల్లలను ఊరికి దూరంగా, చెరువుల పక్కన, అడవుల అంచున నడిచే వేసవి శిబిరాలకు వారాల తరబడి పంపడం మామూలు. యూదుల శిబిరాలు వందల కొలది ఉన్నాయి. ఆవ్ మాసం ఎప్పుడూ ఈ రోజుల్లోనే పడుతుంది. పగలంతా మట్టిలో బంతి ఆడి, చెమటకు తడిసిన ఎనిమిదేళ్ళ పిల్లవాడికి తొమ్మిది రోజులు ఉతికిన చొక్కా లేదంటే ఏమి జరుగుతుందో ఏ తల్లినడిగినా చెబుతుంది.

అందుకే వారి పండితులు పిల్లల విషయంలో దారులు వెదికారు. పక్క తడిపే, ఒళ్ళు మరకలు చేసుకునే పసివారి బట్టలు ఉతకవచ్చునని ఇస్సర్లెస్ నాడే వ్రాశాడు. అంతకంటె పెద్దపిల్లలకు కూడా, మాసిన బట్ట తప్ప వేరొకటి లేనప్పుడు, అవసరమైనంత మేరకు, నలుగురి కంట పడకుండా ఉతికి ఇవ్వవచ్చునని తరువాతి వారు సడలించారు. ఒంటికి అంటే బనియన్లు, లోదుస్తులు, మేజోళ్ళు చెమటను పీల్చేవే గాని అలంకారం కాదు కనుక, వాటికి చాలామంది మినహాయింపు ఇస్తారు. ఇవన్నీ చాలనప్పుడు తల్లులు అనుసరించే పద్ధతి ఒకటున్నది. తొమ్మిది రోజులకు ముందే, ఉతికిన చొక్కాలను ఒక్కొక్కటిగా పిల్లవాడికి కొద్దిసేపు తొడిగి, విప్పి, మడిచి సంచిలో పెడతారు. ఒకసారి ఒంటిమీదికి వచ్చినది ఇక ‘కొత్తగా ఉతికిన బట్ట’ కాదు. సామాను సర్దే నాటి సాయంత్రం పిల్లవాడు అరగంటకొక చొక్కా మారుస్తూ ఇంట్లో తిరుగుతాడన్నమాట. తొడిగే తీరిక లేనివారు ఉతికిన బట్టను కాసేపు నేలమీద పడవేసి తీస్తారు. శిబిరం వారు కూడా తల్లిదండ్రులకు ముందుగానే చెప్పి, ఆ రోజులకు సరిపడా అదనపు జతలు పెట్టించుకుంటారు. సరదా ఈతలు మానిపిస్తారు గాని, ఈత నేర్పడం చాలాచోట్ల సాగుతుంది.

ఇది చదివి మన పాఠకులలో కొందరికి నవ్వు రావచ్చు. నవ్వవలసిన పని లేదు. ధర్మశాస్త్రపు మాటను మీరకుండా కష్టాన్ని దాటే ఉపాయాలను మన ఫుఖహాలు కూడా ‘హీలా’ పేరుతో చర్చించారు. వాటిలో ఏది సమంజసం, ఏది కాదు అని వాదించుకున్నారు కూడా. గమనించవలసినది వేరొకటి. పందొమ్మిది శతాబ్దాల నాటి విధ్వంసాన్ని ఒక సముదాయం ఇంకా పిల్లల బట్టల మూటలో మోస్తున్నది. ఆ పిల్లలకు శరీఅత్ బాధ్యత పడేది మగపిల్లలకు పదమూడు, ఆడపిల్లలకు పన్నెండేళ్ళు నిండిన తరువాతనే. అంతకు ముందు చేయించేదంతా అలవాటు కోసమే.

తెలుగు మాట్లాడే యూదులు కూడా ఉన్నారన్న సంగతి చాలామందికి తెలియదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గరి కొత్తరెడ్డిపాలెంలో ‘బెనె ఎఫ్రాయిం’ అనే చిన్న సముదాయం 1980ల చివరి నుండి యూద ఆచారాలను బహిరంగంగా పాటిస్తున్నది. అక్కడ వారికొక ప్రార్థనాలయం కూడా కలదు. కనుక ఇది సముద్రాల ఆవలి ముచ్చట మాత్రమే కాదు.

ఇక్కడ పంచాంగాన్ని గురించి ఒక మాట చెప్పాలి. రెండూ చాంద్రమాన మాసాలే అయినప్పుడు ఆవ్ మాసం ఎప్పుడూ వేసవిలోనే ఎందుకు నిలిచి ఉంటుంది, ముహర్రం ఎందుకు తిరుగుతుంది? యూదులు పందొమ్మిదేళ్ళలో ఏడుసార్లు ఒక అధికమాసాన్ని చేర్చి ఋతువులతో సరిపెట్టుకుంటారు. అరబ్బులు కూడా అజ్ఞానకాలంలో ‘నసీ’ పేరిట మాసాలను ముందు వెనుకలు చేసేవారు. దివ్య ఖుర్ఆన్ తౌబా సూరా 36, 37 ఆయతులు మాసాలు పన్నెండేనని నిర్ణయించి ఆ పద్ధతిని ఖండించాయి. అందువల్ల మన మాసాలు ఏటా సుమారు పదకొండు రోజులు వెనుకకు జరుగుతాయి. 2022, 2023లలో ఆవ్‌తో కలిసి నడిచిన ముహర్రం 2025లో జూన్ 27కు వచ్చింది, ఆషూరా జూలై 6న పడింది. చంద్రదర్శనాన్ని బట్టి ఒకరోజు అటుఇటుగా, 2028లో అది మే నెలాఖరుకు, అంటే తెలంగాణ బడుల వేసవి సెలవులలోకి ప్రవేశిస్తుంది. మన ఎండల్లో నల్లబట్ట ఎలా ఉంటుందో అప్పుడు పిల్లలకు తెలుస్తుంది.

నల్లబట్టల మాట వచ్చింది కనుక హైదరాబాదు సంగతి చూద్దాం. కుతుబ్‌షాహీల కాలం నుండి ఈ నగరంలో షియా సోదరులు ముహర్రం చంద్రదర్శనం మొదలు రబీఉల్ అవ్వల్ ఎనిమిదవ తేదీ వరకు, అంటే రెండు నెలల ఎనిమిది రోజులు, శోకం పాటిస్తారు. ఆ రోజుల్లో పెళ్ళిళ్ళు ఉండవు, కొత్తబట్టలుండవు. పిల్లలు కూడా నల్లచొక్కాలతో మజ్లిసులకు వెళతారు. అది ఇమామ్ హుసైన్ (రజి) మీది ప్రేమకు గుర్తుగా చేసేదే గాని, నల్లబట్ట విధి అని వారి ధర్మశాస్త్రం కూడా చెప్పదు. సున్నీ ఉలమాలు ఏటేటా శోకాన్ని తిరగదోడడాన్ని అంగీకరించరు. తొమ్మిది, పది తేదీల ఉపవాసాన్నే ప్రోత్సహిస్తారు. ఈ భేదం పాతది, ఇక్కడ తేలేది కాదు.

అయితే మన పల్లెల్లో ఈ రెంటికీ చెందని మూడవ ఆచారం ఒకటి బలంగా ఉండేది. పీర్ల పండుగనాడు పిల్లలను ‘ఫకీరు’ చేయడం. బిడ్డ బ్రతికితే ఫకీరును చేస్తామని మొక్కుకుని, ఆకుపచ్చ బట్ట తొడిగి, మెడలో రంగుదారాలు వేసి, ఇంటింటా అడుక్కు రమ్మనేవారు. దక్కనీ ముస్లిముల ఆచారాలను గురించి జాఫర్ షరీఫ్ వ్రాయగా హెర్క్‌లాట్స్ ఇంగ్లీషు చేసి 1832లో లండనులో అచ్చు వేయించిన ‘ఖానూనె ఇస్లాం’లో ఈ ముహర్రం ఫకీర్ల వేషాలు ఎన్నో పుటల మేర వర్ణింపబడి ఉన్నాయి. హిందువులు, ముస్లిములు కలిసి చేసే పండుగగా దానిని మెచ్చుకునేవారున్నారు. కాని బిడ్డ ప్రాణానికి, బట్ట రంగుకు ముడిపెట్టే ఈ మొక్కుకు ఖుర్ఆన్‌లో గాని హదీసులలో గాని ఆధారం లేదు. పిల్లవాడికి అది వేడుక, తల్లికి మాత్రం భయం.

ఇక షరీఅత్ ఏమంటున్నదో చూద్దాం. శోకానికి ఇస్లాం మేరలు పెట్టింది. భర్త మరణించిన స్త్రీ నాలుగు నెలల పది రోజులు ఇద్దత్ పాటించాలని అల్ బఖరా సూరా 234వ ఆయతు చెబుతున్నది. గర్భవతి అయితే ప్రసవం వరకు. ఇతరుల మరణానికి, తండ్రి అయినా సోదరుడైనా, మూడు రోజులకు మించి శోకవేషం కూడదని దైవప్రవక్త (స) ఆదేశించారు. ఆ మూడు రోజులు కూడా అనుమతే, విధి కాదు. తన తండ్రి అబూ సుఫ్యాన్ మరణించిన తరువాత ఉమ్ముల్ మోమినీన్ ఉమ్మె హబీబా (రజి) సుగంధం తెప్పించి పూసుకున్నారు. తనకు దాని అవసరం లేదనీ, ప్రవక్త ఆజ్ఞ గుర్తు చేయడానికే అలా చేశాననీ వివరించారు. యూదుల ఆచారంలో ఆప్తులు మరణించినప్పుడు తొడుక్కున్న బట్టను చింపుకోవాలి. ఇస్లాంలో బట్టలు చింపుకోవడం, చెంపలు కొట్టుకోవడం నిషిద్ధం.

ఇద్దత్‌లో ఉన్న స్త్రీ కట్టుకోరాని బట్టల గురించి హజ్రత్ ఉమ్మె అతియ్యా (రజి) చెప్పిన హదీసులో ఒక ముచ్చటైన వివరం ఉన్నది. రంగు అద్దిన అలంకారపు బట్ట కట్టరాదు, కాని ‘అస్బ్’ కట్టవచ్చు. అస్బ్ అంటే నూలును ముందే కట్టి, రంగులో ముంచి, ఆ పిమ్మట నేసే యమన్ బట్ట. మన పోచంపల్లి, పుట్టపాకలలో చిటికి కట్టి నేసేది ఆ పనే. చీరాల తేలియా రుమాళ్ళు ఒకప్పుడు అరబ్బు దేశాలకు ఓడలకెక్కి పోయేవి. అంటే షరీఅత్ శోకానికి ఒక ప్రత్యేకపు రంగునూ, ఒక యూనిఫారాన్నీ నిర్ణయించలేదు. అలంకారాన్ని మానమన్నది. నిత్యం కట్టే మామూలు బట్టను ఆపలేదు. బట్టలు ఉతుక్కోవడాన్ని, స్నానాన్ని ఎక్కడా వారించలేదు. పరిశుభ్రత నమాజుకు షరతైన ధర్మంలో మరొక విధంగా ఉండడానికి వీలు కూడా లేదు.

మరి పిల్లలు? యుక్తవయసు వచ్చేవరకు బిడ్డపై నుండి లెక్కల కలం ఎత్తివేయబడినదని ప్రసిద్ధ హదీసు. చిన్న వయసులోనే పెళ్ళయి భర్తను పోగొట్టుకున్న బాలిక ఇద్దత్ గడుపవలసి ఉన్నా, శోకవేషం ఆమెపై విధి కాదని హనఫీ ధర్మశాస్త్రవేత్తలు తీర్పు చెప్పారు. ఇతర మజ్‌హబ్‌లు సంరక్షకుడు ఆమె చేత పాటింపజేయాలంటాయి. తండ్రి పోయిన బిడ్డ విషయంలో ఇంత చర్చ కూడా లేదు. ఆ బిడ్డకు ఇద్దత్ లేదు, శోకవేషం లేదు.

దీనికి అందరికంటే మంచి ఉదాహరణ దైవప్రవక్త (స) జీవితంలోనే ఉన్నది. హిజ్రీ 8వ ఏట (క్రీ.శ. 629) మూతా యుద్ధంలో ఆయన పెదతండ్రి కుమారుడు హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి) అమరులయ్యారు. ఆ ఇంటివారు దుఃఖంలో ఉన్నారు గనుక వారికి భోజనం వండి పంపమని ప్రవక్త ఇతరులకు చెప్పారు. మూడు రోజులు వారిని వారి దుఃఖానికి వదిలారు. ఆ తరువాత స్వయంగా వచ్చి, ఇకపై తన సోదరుని కొరకు ఏడవవద్దన్నారు. పిల్లలను పిలిపించారు. ఆ పిల్లలలో ఒకరైన అబ్దుల్లా బిన్ జాఫర్ (రజి) పెద్దయ్యాక ఆ సంగతి చెబుతూ, అప్పుడు తాము పక్షిపిల్లల్లా ఉన్నామన్నారు. ఆ మాటలో చింపిరి తలలూ, మాసిన ఒళ్ళూ, బెదిరిన కళ్ళూ అన్నీ ఉన్నాయి. ప్రవక్త మంగలిని రప్పించి వాళ్ళ తలలు గొరిగించారు. అబూ దావూద్ సంకలనంలో ఈ హదీసు ఉన్నది. యూదుల శోకంలో క్షౌరం నిషిద్ధం, ఇక్కడ శోకం ముగిసిన గుర్తే క్షౌరం. తల్లి హజ్రత్ అస్మా బిన్తె ఉమైస్ (రజి) ఇద్దత్ మాత్రం అప్పుడే మొదలై ఉన్నది. అంటే ఒకే ఇంట్లో తల్లికొక లెక్క, పిల్లలకొక లెక్క.

ఈ రెండు లెక్కలూ మన ప్రాంతంలో కలిసిపోయి, చేయరాని పనులు జరుగుతున్నాయి. 2008 మార్చిలో బేగంపేట నుండి విమానాలు శంషాబాద్‌కు మారాయి. నాటి నుండి గల్ఫ్‌లో మరణించిన తెలంగాణ కార్మికుల శవపేటికలు కూడా ఇక్కడికే వస్తున్నాయి. సామాన్లు దింపే కార్గో వైపు కరీంనగర్, నిజామాబాద్, జగిత్యాల నుండి వచ్చిన కుటుంబాలు అంబులెన్సుల పక్కన నిలబడి ఉంటాయి. అక్కడి పోలీసుల కాగితం, మన రాయబార కార్యాలయపు కాగితం, పాస్‌పోర్టు రద్దు, ఇవన్నీ పూర్తయి శవం చేరేసరికి రోజులు, ఒక్కొక్కప్పుడు వారాలు గడుస్తాయి. అన్ని రోజులూ పిల్లలు ఉన్న బట్టలతోనే ఉంటారు. ‘శవం రాలేదు, ఇప్పుడే తలస్నానమేమిటి, ఉతుకులేమిటి’ అంటారు ఇంటి పెద్దలు.

ఇందులో రెండు పొరపాట్లు ఉన్నాయి. భార్య ఇద్దత్ మరణించిన రోజు నుండే లెక్కకు వస్తుంది. శవం దిగిన రోజు నుండో, ఖననం అయిన రోజు నుండో కాదు. అధికసంఖ్యాకులైన ఫుఖహాల మాట ఇదే. శవం ఇరవయ్యవ రోజున వస్తే, ఆ ఇరవై రోజులూ నాలుగు నెలల పది రోజులలో భాగమే. తెలియక ఖననం నుండి మొదలుపెట్టిన స్త్రీలు అనవసరంగా మరి కొన్ని వారాలు గది దాటకుండా కూర్చుంటున్నారు. ఇక పిల్లల స్నానానికీ, ఉతికిన బట్టకూ శవం రాకతో ఏ సంబంధమూ లేదు.

రెండవ చిక్కు పండుగనాడు వస్తుంది. చావు జరిగిన ఇంట మొదటి ఈద్‌కు కొత్తబట్టలు కుట్టించరాదనే పట్టింపు మన పట్టణాలలోనూ పల్లెల్లోనూ గట్టిగా ఉన్నది. పొరుగువారి ‘ఏటి సూతకం’ ప్రభావం ఇందులో కొంత ఉండవచ్చు. కారణమేదైనా, తండ్రి పోయి ఎనిమిది నెలలైన పిల్లవాడు ఈద్‌గాహ్‌కు పాతచొక్కాతో వెళ్ళి, ఇతర పిల్లల అత్తరు వాసన పీల్చి తిరిగి వస్తాడు. ఈద్‌నాడు ఉన్నంతలో మంచి బట్ట కట్టడం సున్నత్. తల్లి ఇంకా ఇద్దత్‌లో ఉంటే ఆమె అలంకరించుకోదు, అంతే. బిడ్డ తండ్రిని మరచిపోయాడని ఎవరైనా అంటారేమోనన్న భయం పెద్దలది. అనాథ మనసు నొప్పించవద్దని అజ్జుహా సూరా 9వ ఆయతు హెచ్చరించినది ఆ పెద్దలనే.

బీదరికం వల్ల కుట్టించలేకపోతే అది వేరే మాట. కాని మూడవనాడు, పదవనాడు, నలభయ్యవనాడు అని ఊరంతటికీ వండి పెట్టిన ఇంట్లో కూడా ఇదే జరుగుతున్నది. చనిపోయినవాని ఆస్తిలో మైనరు పిల్లలకు వాటా ఉన్నది. ఆ వాటా నుండి అతిథులకు భోజనాలు పెట్టే హక్కు సంరక్షకునికి లేదు. పిల్లలే అనుమతిస్తామన్నా ఆ అనుమతి చెల్లదని ఫుఖహాలు స్పష్టంగా వ్రాశారు. అనాథల సొమ్ము అన్యాయంగా తినేవారు తమ కడుపుల్లో నిప్పు నింపుకుంటున్నారని అన్నిసా సూరా 10వ ఆయతు అంటున్నది. అదే వాటా నుండి ఆ పిల్లల తిండికి, చదువుకు, బట్టలకు ఖర్చు పెట్టడం సంరక్షకునికి అనుమతి మాత్రమే కాదు, బాధ్యత కూడా. గల్ఫ్ కంపెనీ నుండి రావలసిన బకాయిలు, భీమా సొమ్ము చేతికి రావడానికి నెలలు పడుతుంది. అవి వచ్చేలోగా అప్పుతో నలభయ్యవనాటి వంటకు బియ్యం తూచేముందు, ఇంట్లో పిల్లలకు ఎన్ని జతలున్నాయో లెక్క చూడడం మంచిది.